పొద్దున్న ఏడింటికి పత్తర్‌గట్టి: పాత బస్తీ చూడబోయేవాళ్ల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ పేజీలో హైదరాబాద్ పాత బస్తీ నడక గురించి నాలుగు ముక్కలు రాశాను, దానికి వచ్చిన ఉత్తరాలు, మెసేజ్‌లు చూస్తే చాలా సంతోషమేసింది. అన్నిటికీ విడివిడిగా రాయడం కుదరదు కాబట్టి ఒకే రకంగా ఉన్నవాటిని కలిపేసి ఇక్కడ జవాబులిస్తున్నా.

విజయవాడ నుంచి ఒక పాఠకుడు: మేడమ్ నమస్తే. వచ్చే నెల హైదరాబాద్‌లో మా బావమరిది పెళ్లి ఉంది, ఒక రోజు ఖాళీ దొరుకుతుంది. ఇంతకుముందు రెండుసార్లు క్యాబ్ మాట్లాడుకుని చార్మినార్, సాలార్‌జంగ్, గోల్కొండ మూడూ ఒకే రోజులో తిరిగేశాం, పిల్లలకి ట్రాఫిక్ తప్ప ఏమీ గుర్తులేదు. ఈసారి ఎలా చూస్తే బాగుంటుంది?

ఈసారి గోల్కొండ వదిలేయండి సార్, సాలార్‌జంగ్ మ్యూజియం కూడా వదిలేయండి, దానికే ఒక పూట కావాలి. ఒక రోజుకి ఒక్క రోడ్డు చాలు. నయాపూల్ నుంచి చార్మినార్ దాకా, అక్కణ్నుంచి చౌమహల్లా దాకా. దూరం చెప్పుకోవడానికి రెండు కిలోమీటర్లు కూడా ఉండదు గానీ సరిగ్గా చూస్తే మధ్యాహ్నం అయిపోతుంది.

ముఖ్యమైన సంగతి టైమ్. పాత బస్తీ ఆలస్యంగా నిద్ర లేస్తుంది, దుకాణాలు పది, పదకొండు దాటితే గానీ తెరవరు, అందుకని మీరు ఏడింటికల్లా అక్కడ ఉండాలి. మెట్రోలో ఎంజీబీఎస్ దిగి ఆటోలో నయాపూల్ వచ్చేయండి. వంతెన మీద నిలబడితే మూసీకి అటు ఉస్మానియా ఆస్పత్రి గుమ్మటాలు, ఇటు హైకోర్టు గుమ్మటాలు ఎదురెదురుగా కనపడతాయి, పిల్లలకి 1908 వరద కథ చెప్పాల్సిన చోటు అదే. ఆ సంవత్సరం సెప్టెంబర్ 28న మూసీ పొంగి ఊళ్లో చాలా భాగాన్ని ఊడ్చుకుపోయింది, 15 వేల మంది దాకా పోయారని అంచనా. తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి ఊరిని మళ్లీ కట్టుకున్నారు, విశ్వేశ్వరయ్య గారి సలహాతో పైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువులు కట్టారు. మీరు ఆ వంతెన మీద నుంచి చూసే పెద్ద బిల్డింగులు ఆ వరద తర్వాత లేచినవి.

అక్కడి నుంచి మదీనా సెంటర్ దాటితే పత్తర్‌గట్టి. పగలు మీరు వెళ్తే బట్టలు, బ్యాగులు, బోర్డులు, బండ్లు, వాటి వెనక ఏముందో తెలీదు. పొద్దున్నే షట్టర్లు దించి ఉన్నప్పుడు తల ఎత్తి చూడండి, రోడ్డుకి రెండు వైపులా ఒకే ఎత్తులో ఒకే తీరులో నల్లరాతి కమాన్లు వరసగా చార్మినార్ దాకా పోతుంటాయి. ఒక బజారు మొత్తాన్ని ఒకే డిజైన్‌తో రాతితో కట్టారంటే మామూలు విషయమా. నేను ఈ ఊళ్లోనే పెరిగి, పత్తర్‌గట్టిలో పెళ్లి బట్టలు ఎన్నిసార్లు కొన్నానో, ఆ కమాన్లు మొదటిసారి చూసింది మాత్రం ఒక రంజాన్ తర్వాతి రోజు పొద్దున బజారంతా మూసి ఉన్నప్పుడు, ఆ రోజు చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

దారిలోనే కాస్త లోపలికి బాద్‌షాహీ ఆషూర్‌ఖానా (మొహర్రం సంతాపాలు జరిపే చోటు) ఉంటుంది, చాలామంది దాటేసి వెళ్లిపోతారు, దయచేసి మీరు దాటొద్దు. 1590లలో కట్టింది, గోడల మీద రంగు పెంకుల పని 1611 నాటిది, నీలం, పసుపు, ఆకుపచ్చ ఇప్పటికీ నిన్న పెట్టినట్టు మెరుస్తాయి. కింద భాగంలో పెంకులు వరదకి పోయాయి, ఆ చోట తర్వాత రంగుతో అదే డిజైన్ వేశారు, దగ్గరికెళ్లి చూస్తే ఎక్కడి దాకా పెంకు, ఎక్కడి నుంచి పెయింటో తెలుస్తుంది, నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో గోడే చెప్తుంది. పిల్లల్ని ఆ గీత వెతకమనండి. అది ప్రార్థన చోటు, చెప్పులు బయట విడవాలి, గట్టిగా మాట్లాడకూడదు.

తర్వాత మచ్లీ కమాన్ కింద నుంచి గుల్జార్ హౌజ్. అక్కడ ఫౌంటెన్ దగ్గర నిలబడి చుట్టూ తిరిగి చూడండి, నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు. ఉత్తరాన మచ్లీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్, తూర్పున కాలీ కమాన్, పడమర షేర్-ఎ-బాతిల్ కీ కమాన్. 1592లో కట్టినవి ఇవి, అంటే చార్మినార్ కట్టిన మరుసటి ఏడు. తూర్పు కమాన్ మీద రాజుగారి నగారాలు మోగేవి, పడమర కమాన్ నుంచి లోపలికెళ్తే కుతుబ్‌షాహీల రాజమహళ్లు. ఆ మహళ్లు ఇప్పుడు లేవు గానీ వాటి గుమ్మం ఉంది, దాని కింద నుంచి స్కూటర్లు పోతున్నాయి.

చార్మినార్ పైకి ఎక్కేది టికెట్ కౌంటర్ తెరిచాకే కాబట్టి అప్పటిదాకా నిమ్రాలో చాయ్, ఉస్మానియా బిస్కెట్ కానిచ్చేయండి. పైకెక్కాక నాలుగు వైపులా నాలుగు రోడ్లు తిన్నగా కనపడతాయి, ఊరిని 1591లో ఈ కూడలి చుట్టూనే గీశారని అప్పుడు అర్థమవుతుంది, పుస్తకంలో చదివితే అర్థం కాదు. దిగి మక్కా మసీదు, అక్కణ్నుంచి లాడ్ బజార్ మీదుగా చౌమహల్లా. చౌమహల్లాకి శుక్రవారం సెలవు, గుర్తుపెట్టుకోండి, మక్కా మసీదులో కూడా శుక్రవారం మధ్యాహ్నం నమాజు రద్దీ ఉంటుంది కాబట్టి మొత్తంగా శుక్రవారం వద్దు.

కరీంనగర్ నుంచి డిగ్రీ స్టూడెంట్: అక్కా, మొన్న ఫ్రెండ్స్‌తోని పోయిన. కట్టడాలన్నీ ఒక్కతీరుగనే కనవడుతున్నయ్, ఏది కుతుబ్‌షాహీలది ఏది నిజాంలది ఎట్ల తెలుస్తది? గైడ్ అయితే అన్నీ నిజాం కట్టిండనే చెప్పిండు.

తమ్ముడూ మంచి ప్రశ్న అడిగావ్, చాలామంది సిగ్గుపడి అడగరు. మొదలు గుమ్మటం కింద చూడు. కుతుబ్‌షాహీ గుమ్మటం ఉబ్బిన ఉల్లిగడ్డలా ఉంటుంది, దాని మెడ దగ్గర చుట్టూ తామర రేకులు ఉంటాయి, పువ్వులోంచి గుమ్మటం లేచినట్టు. మినార్లు పొట్టిగా బలంగా, మధ్యమధ్యలో చిన్న చిన్న కమాన్ల వసారాలతో. లోపల నల్లరాయి, పైన దట్టంగా సున్నపు గచ్చు, ఆ గచ్చులోనే తీగలు, పూలు, కత్తిరించినట్టున్న అంచులు. చార్మినార్‌ని దగ్గర్నుంచి చూస్తే అది రాతి కట్టడం కన్నా గచ్చు పనివాళ్ల కట్టడం అనిపిస్తుంది. అందులో గడియారాలు మాత్రం 1889లో పెట్టినవి, అవి నిజాంల కాలం, కాబట్టి మీ గైడ్ చెప్పింది గడియారం వరకు కరెక్టే.

నిజాంల కాలానికి వస్తే యూరప్ గాలి తగులుతుంది. చౌమహల్లాలో చూడు, 1750లో మొదలుపెట్టి 1860లలో పూర్తి చేశారు, కాబట్టి వందేళ్ల మార్పు ఒకే ప్రాంగణంలో ఉంది. అఫ్జల్ మహల్, మహతాబ్, తహనియత్, అఫ్తాబ్ అని నాలుగు మహళ్లు, నిలువెత్తు స్తంభాలు పాశ్చాత్య పద్ధతి, మధ్యలో నీళ్ల తొట్టి, చుట్టూ తోట మాత్రం మన పాత పద్ధతి. ఖిల్వత్ దర్బారులో 19 బెల్జియం షాండ్లియర్లు ఉన్నాయి, జనం వాటినే ఫొటో తీసుకుని వచ్చేస్తారు, నువ్వు వాటి పైన గచ్చు కప్పు చూడు.

ఇక వరద తర్వాతి బిల్డింగులు మూడో రకం. విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లిష్ ఆర్కిటెక్ట్ వచ్చి హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆస్పత్రి, కాచిగూడ స్టేషన్ పని చూశాడు. కొత్త కాలం బిల్డింగే, ఒంటి మీద మాత్రం పాత కమాన్లు, గుమ్మటాలు, జాలీలు. కాచిగూడ స్టేషన్‌లో నువ్వు రైలెక్కే ఉంటావ్, ఈసారి దిగాక బయటికొచ్చి వెనక్కి తిరిగి ఒక నిమిషం చూడు. ఇంకా ముందుకొస్తే 1935 నాటి మొజంజాహీ మార్కెట్, మొత్తం రాయే, చాలా ఏళ్లు మసిపట్టి కారిపోతూ ఉండేది, రిపేర్లు చేసి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. అక్కడ సీతాఫలం ఐస్‌క్రీమ్ తినకుండా రాకు.

తూర్పు గోదావరి నుంచి ఒక పాఠకురాలు: మీరు గచ్చు, డంగు సున్నం అని రాస్తుంటే మా తాతల నాటి మండువా ఇల్లు గుర్తొచ్చిందండి. ఆరేళ్ల కింద గోడలు పెచ్చులూడుతున్నాయని సిమెంటు ప్లాస్టరింగ్ చేయించాం, ఇప్పుడు ముందుకన్నా ఎక్కువ చెమ్మ, పెచ్చులు. పాత కట్టడాలకి వాళ్లేం చేస్తారో చెప్తారా?

అమ్మా మీ ఉత్తరం చదివి మనసు కలుక్కుమంది, ఎందుకంటే మా అమ్మమ్మ వాళ్లింటికి కూడా అచ్చం ఇదే జరిగింది, ఊళ్లో మేస్త్రీ మంచివాడే, సిమెంటు వేస్తే గట్టిగా ఉంటుందని నమ్మి వేశాడు.

పాత గోడ ఇటుకా సున్నమూ, అది నేలలోంచి చెమ్మ పీలుస్తుంది, ఎండకి బయటికి వదిలేస్తుంది, అలా వందేళ్లు బతుకుతుంది. దాని మీద సిమెంటు పూత వేశామంటే మనిషికి ప్లాస్టిక్ కవర్ చుట్టినట్టే. లోపలి తేమ బయటికి రాలేదు, ఉప్పు లోపలే పేరుకుంటుంది, చివరికి సిమెంటు పెచ్చు ఊడేటప్పుడు తనతోపాటు పాత ఇటుకని కూడా లాక్కొచ్చేస్తుంది. పైగా సిమెంటు బిర్రబిగుసుకుని ఉంటుంది, పాత గోడ ఎండకీ వానకీ కాస్త కదులుతుంది, అందుకే పగుళ్లు.

ఇదే సమస్య హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర పెద్ద ఎత్తున ఉండేది. పోయిన శతాబ్దంలో రిపేర్ల పేరుతో గుమ్మటాలకి సిమెంటు పూసేశారు, నల్లగా మారిపోయాయి, పూల పనంతా దాని కింద కప్పబడిపోయింది. 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ వాళ్లు రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి పని మొదలుపెట్టారు, వందకి పైగా కట్టడాలు, 106 ఎకరాలు, ఆ సిమెంటు పొరల్ని చేత్తో ఒలిచి మళ్లీ సున్నంతోనే చేశారు, 2024 జులైలో పని పూర్తయింది. 2013 వానలకి కూలిన బడీ బావోలి అనే మెట్ల బావిని తిరిగి కట్టారు, అక్కడి మెట్ల బావుల పనికి 2022లో యునెస్కో అవార్డు కూడా వచ్చింది. మీరు హైదరాబాద్ వస్తే ఆ సమాధులు తప్పకుండా చూడండి, గుమ్మటం కింద నిలబడి గోడ మీద చెయ్యేసి చూడండి, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉంటుంది. మీ మండువాలో మీ చిన్నప్పుడు ఉండేది ఆ చల్లదనమే.

మీ ఇంటి సంగతికొస్తే, ముందు చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో చూడండి, చూరు నీళ్లు గోడ మొదట్లో పడుతున్నాయా, బయట రోడ్డు ఎత్తు పెరిగి నీళ్లు మీ గోడవైపు వస్తున్నాయా. అది సరిచేయకుండా ఏ పూతా నిలవదు. తర్వాత ఒక్క గోడకి సిమెంటు మెల్లగా తీయించి ఒక ఎండాకాలం అలా వదిలేయండి, ఆరనివ్వండి. తర్వాత బాగా నానబెట్టిన సున్నం, ఇసుకతో గానుగ పట్టించిన గచ్చు, అందులో మన వైపు కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపేవాళ్లు, ఈ పని తెలిసిన ముసలి మేస్త్రీలు కొన్ని ఊళ్లలో ఇంకా ఉన్నారు, గుళ్ల రిపేర్లు చేసేవాళ్లని అడిగితే దొరుకుతారు. తొందర మాత్రం పెట్టకండి, సున్నం నిదానంగా గట్టిపడుతుంది. ఒక గోడ బాగుపడితే మిగతా గోడలు.

న్యూజెర్సీ నుంచి: డిసెంబర్‌లో అమ్మని తీసుకుని వస్తున్నాం. అమ్మకి 72, మోకాళ్ల నొప్పులు. ఆవిడ 70లలో కోఠీ ఉమెన్స్ కాలేజీలో చదువుకుంది. మళ్లీ ఒకసారి చూడాలని ఒకటే గొడవ. ఎక్కువ నడవకుండా ఏం చూపించొచ్చు?

ముందు అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆవిడ క్లాసులు విన్న ఆ పెద్ద బిల్డింగు అప్పట్లో సీలింగ్ కారుతూ, మెట్లు విరిగి ఉండి ఉంటుంది, ఇప్పుడు చూస్తే ఆవిడ కళ్లు నమ్మదు. అది బ్రిటిష్ రెసిడెన్సీ. జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ అనే రెసిడెంట్, అంటే నిజాం దర్బారులో బ్రిటిష్ వాళ్ల ప్రతినిధి, 1800 ప్రాంతంలో కట్టించాడు, ముందు ఆరు ఎత్తైన స్తంభాలు, వెడల్పాటి మెట్లు, మెట్లకి అటూ ఇటూ రెండు సింహాలు. ఆయన హైదరాబాదీ అమ్మాయి ఖైరున్నిసాని పెళ్లి చేసుకున్నాడు, ఆవిడ కోసం వెనక రంగ్‌మహల్ కట్టించాడు, పరదా దాటి రాలేని ఆవిడ చూడడానికని బిల్డింగుకి అచ్చుగుద్దినట్టు ఒక చిన్న నమూనా తోటలో కట్టించాడని చెప్తారు. 1949 నుంచి ఆడపిల్లల కాలేజీ. ఎన్ని వేలమంది మన తెలుగు ఆడపిల్లలు ఆ సింహాల పక్కన కూర్చుని టిఫిన్ బాక్సులు తెరిచారో, నాకైతే ఆ కట్టడం చరిత్రలో అది కూడా కిర్క్‌పాట్రిక్ కథ అంత ముఖ్యం.

వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ వాళ్లు దాన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో రెండుసార్లు పెట్టారు, తర్వాత చాలా ఏళ్లు ఓపిగ్గా బాగుచేశారు. లోపలికి వెళ్లే పద్ధతి ముందే కనుక్కోండి, అది ఇప్పటికీ యూనివర్సిటీ ప్రాంగణం, అమ్మగారు పూర్వ విద్యార్థిని అని చెప్తే ఇంకా బాగుంటుంది. ముందు మెట్లు ఇరవైకి పైన ఉన్నాయి, మోకాళ్లకి కష్టం, పక్కనుంచి దారి ఉందేమో ఫోన్‌లోనే అడగండి.

రెండో చోటు చౌమహల్లా, నేల చదునుగా ఉంటుంది, చెట్ల కింద కూర్చోవచ్చు. మూడోది, కుదిరితే, సంతోష్‌నగర్ వైపు ఉన్న పైగా నవాబుల సమాధులు. టూరిస్టులు తక్కువ, చాలా ప్రశాంతంగా ఉంటుంది. పాలరాయి, సున్నపు గచ్చుతో చేసిన జాలీలు, ఒకదాని డిజైన్ ఇంకోదానికి కలవదు, సాయంత్రం ఎండ వాటిలోంచి నేల మీద పడుతుంటే అమ్మగారిని ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టండి చాలు.

పేరు రాయొద్దన్న పాఠకురాలు: ఒక్కదాన్నే కెమెరాతో తిరగొచ్చా?

తిరగొచ్చు, నేను తిరుగుతాను. పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం దాకా బాగుంటుంది. సాయంత్రం లాడ్ బజార్ రద్దీలో జేబుదొంగలతో మాత్రం జాగ్రత్త. మసీదు, ఆషూర్‌ఖానాల కోసం చున్నీ ఒకటి బ్యాగులో పెట్టుకో తల్లీ.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్తా, ఇది అందరికీ. గల్లీల్లో పాత దేవిడీలు (నవాబుల కాలం నాటి పెద్ద ఇళ్లు), చెక్క దర్వాజాలు కనపడగానే ఫొటో తీసేస్తాం, కానీ లోపల మనుషులు కాపురాలు చేస్తున్నారు, అది వాళ్ల వాకిలి. దర్వాజా తెరిచి ఉంటే లోపలికి దూరిపోకూడదు, సలాం చెప్పి అడగాలి. నేను అడిగినప్పుడు వద్దన్నవాళ్లు ఉన్నారు, కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి తాత కట్టించిన కథ గంటసేపు చెప్పినవాళ్లూ ఉన్నారు. లాడ్ బజార్‌లో గాజులు చేసేవాళ్ల దగ్గర కూడా అంతే, లక్కని వేడి చేసి వంచి ఒక్కొక్క రాయి అతికిస్తుంటారు, ఆ వేడి మీద చెయ్యి ఆగకూడదు, పని మధ్యలో ఇటు చూడండి అనకండి. హైదరాబాద్ లక్క గాజులకి 2024లో జీఐ గుర్తింపు వచ్చింది, ఫొటో తీసుకుంటే ఒక జత కొనండి.

నల్గొండ నుంచి ఒక రిటైర్డ్ టీచర్: మీరు అంతా బాగుందన్నట్టు రాస్తున్నారు. నా కళ్ల ముందే ఎన్ని దేవిడీలు నేలమట్టమయ్యాయో మీకు తెలియదా? కాపాడటం అనే మాటకి అర్థముందా?

మాస్టారూ మీ కోపం నాకు అర్థమైంది, అందులో న్యాయముంది. మాల్వాలా ప్యాలెస్‌ని 2000లో కూల్చేశారు, ఆ చెక్క పని ఇక ఏ డబ్బుకీ రాదు. సాలార్‌జంగ్‌ల దివాన్ దేవిడీ, ఆ మ్యూజియం 1951లో మొదలైంది అందులోనే, 1968లో సామాన్లు కొత్త బిల్డింగుకి వచ్చాయి, వస్తువులు బతికాయి, వాటిని దాచిన ఇల్లు పోయి ఆ చోట బట్టల మార్కెట్లు వచ్చాయి. చట్టం సంగతి చూస్తే 1981లోనే ఈ ఊరికి పాత కట్టడాల రక్షణకి రెగ్యులేషన్ 13 ఉండేది, దాన్ని 2015లో తీసేశారు, 2017లో తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చింది.

కానీ ఇంకో వైపు కూడా చూడండి. 2019లో ఇర్రం మంజిల్ అనే పాత మహల్ని కూల్చి అక్కడ అసెంబ్లీ కట్టాలన్నప్పుడు ఊరి జనం కోర్టుకెళ్లారు, హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది, ఆ బిల్డింగు ఇవాళ నిలబడే ఉంది. అదే ఏడు మే నెలలో వానకి చార్మినార్ ఒక మినార్ నుంచి గచ్చు పెచ్చు ఊడి కింద పడింది, అప్పుడు ఊరంతా ఇంట్లో మనిషికి దెబ్బ తగిలినట్టు మాట్లాడుకుంది. నేను మెచ్చుకుంటూ రాసేది జనాన్ని అక్కడికి నడిపించాలనే. పాత దేవిడీ ఓనరు ఎందుకు అమ్మేస్తాడంటే రిపేరుకి డబ్బుండదు, వాటాదారులు పదిమంది, పక్కనోడు కాంప్లెక్స్ కట్టి అద్దెలు తింటుంటాడు. నడిచొచ్చి చూసేవాళ్లు, ఒక గదిలో ఉండేవాళ్లు, చాయ్ తాగేవాళ్లు ఉన్నారనిపిస్తే ఒకరిద్దరైనా ఆగుతారు. మీకు గుర్తున్న దేవిడీల పేర్లు, గల్లీ పేర్లు, లోపల ఎలా ఉండేదో రాసి పంపండి మాస్టారూ, ఈ పేజీలో వేస్తాను.

ఆరో తరగతి చదివే అబ్బాయి, హైదరాబాద్: ఆంటీ, 1908 వరదని చూసినవాళ్లు ఇంకా ఎవరైనా బతికున్నారా?

ఉంది నాన్నా, ఒక చింతచెట్టు ఉంది. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో. ఆ రాత్రి నీళ్లు చుట్టుముట్టినప్పుడు దాని కొమ్మలెక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. అమ్జద్ హైదరాబాదీ అనే పెద్ద కవి ఆ వరదలో అమ్మని, భార్యని, కూతుర్ని పోగొట్టుకున్నాడు. చెట్టు వయసు నాలుగు వందల ఏళ్లకి పైనే అంటారు, అంటే చార్మినార్ కొత్తగా ఉన్నప్పుడు అది కూడా చిన్న మొక్కేమో. ఆదివారం పొద్దున నాన్నతో వెళ్లు, ఆస్పత్రి కాబట్టి గట్టిగా అరవకు, కొమ్మలు లాగకు. కాండం చుట్టూ నడిచి ఎన్ని అడుగులయ్యాయో లెక్కపెట్టి నాకు రాయి.